ఐదుగురం కలిసి అమ్మమ్మ లేసు పూర్తి చేద్దామంటే పువ్వులు ఐదు సైజుల్లో వస్తున్నాయి, ఏం చెయ్యాలి?

కూకట్‌పల్లి_కుట్టు:

హాయ్ అందరికీ. పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

మా అమ్మమ్మ వాళ్లది నర్సాపురం దగ్గర చిన్న ఊరు. పోయిన సంక్రాంతికి వెళ్తే మావయ్య పాత పెంకుటిల్లు విప్పించేస్తున్నాడు, అటక మీద సామానంతా దింపుతుంటే ఒక రేకు పెట్టెలో కలరా ఉండల వాసన కొడుతూ పాత పంచె ముక్కలో చుట్టిన లేసు దొరికింది. వరసకి 8 పువ్వులు చొప్పున నాలుగు వరసలు అతికి ఉన్నాయి, అంటే 32. ఇంకో 9 పువ్వులు విడిగా ఒక దారానికి గుచ్చి ఉన్నాయి. అమ్మమ్మ పోయి పదకొండేళ్లయింది. ఇది ఎప్పుడు మొదలుపెట్టిందో ఎందుకు ఆపేసిందో ఎవరికీ తెలీదు, అమ్మని అడిగితే "మా అమ్మ చేతిలో ఎప్పుడు చూసినా సూది ఉండేది, అందులో ఇది ఏదని గుర్తుపెట్టుకోను" అంది.

ఇంటికి తెచ్చి మా సెంటర్ టేబుల్ మీద పరిచి చూస్తే మూడో వంతు వచ్చింది. మొత్తం కప్పాలంటే 12 వరసలు కావాలి, అంటే 96 పువ్వులు, ఉన్నవి 41 పోగా ఇంకా 55. నాకు క్రోషె (కొక్కెం సూదితో దారం అల్లడం) హాబీగా కొంచెం వచ్చు, లాక్‌డౌన్‌లో యూట్యూబ్ చూసి నేర్చుకున్నా, పిల్లకి రెండు టోపీలు అల్లి వదిలేశా, అంతే నా అనుభవం. ఒక్కదాన్నే 55 అంటే పిల్ల పెళ్లికి అవుతుంది. అప్పుడు మా ఫ్లోర్‌లో మాట్లాడుకుంటుంటే పై ఫ్లాట్ ఆంటీకి వచ్చని తెలిసింది, బ్యాంకులో రిటైరయ్యారు ఆవిడ, ఎదురు ఫ్లాట్ అమ్మాయికీ వాళ్ల అత్తగారికీ కూడా వచ్చట, అమ్మ ఎలాగూ ఇక్కడే ఉంటుంది. మనిషికి 11 చొప్పున పంచుకున్నాం. ప్రతి ఆదివారం నాలుగింటికి మా హాల్లో కూర్చుంటున్నాం, టీ నేను పెడతా, తినేవి ఎవరో ఒకరు తెస్తారు, బజ్జీలు తిన్న చేత్తో దారం ముట్టుకోకూడదని రూల్ (మొదటి వారమే ఒక పువ్వుకి పసుపు అంటింది, అందుకే రూల్). నిజం చెప్పాలంటే ఈ రెండు నెలల్లో ఆ ఆదివారం సాయంత్రం కోసం వారమంతా ఎదురు చూస్తున్నా.

ప్రాబ్లం ఏంటంటే ఒకటే దారం, అందరికీ ఒకే 1.25 ఎంఎం సూది, ఒకే లెక్క, అయినా పువ్వులు ఒక సైజు రావట్లేదు. అమ్మమ్మవి 3 అంగుళాలు. నావి దగ్గర దగ్గర అంతే. పై ఫ్లాట్ ఆంటీవి 2.75, గట్టిగా బిళ్లల్లా ఉంటాయి. ఎదురు ఫ్లాట్ అమ్మాయివి 3.25, వదులుగా జాలీలా ఉంటాయి. వాళ్ల అత్తగారివి ఒక్కో రోజు ఒక్కోలా ఉంటాయి. పక్కపక్కన పెడితే ఆంటీ వరస 22 అంగుళాలు, ఆ అమ్మాయి వరస 26. ఇవి ఎలా అతకాలి? ఆంటీతో "మీరు కొంచెం లూజుగా అల్లండి" అని రెండు సార్లు అన్నా, రెండో సారి మొహం మాడ్చుకున్నారు. ఇంక మూడో సారి అనే ధైర్యం లేదు.

ఇంకోటి, పాత దారం మీగడ రంగులోకి వచ్చేసింది, కొత్తది పాల తెలుపు. దానికి కూడా ఏదైనా ఉపాయం చెప్పండి.

డల్లాస్_దారం:

ముందు ఒకటి చెక్ చేసుకోండి, అందరూ ఒకే లెక్క అంటున్నారు కదా, నిజంగా ఒకే లెక్కేనా? అమెరికా వాళ్ల పేర్లు వేరు, బ్రిటిష్ వాళ్ల పేర్లు వేరు. ఇక్కడ సింగిల్ క్రోషె అనేదాన్ని వాళ్లు డబుల్ అంటారు, ఇక్కడి డబుల్ వాళ్లకి ట్రెబుల్. మన దగ్గర పాత పుస్తకాల్లో, స్కూల్లో నేర్చుకున్న వాళ్ల నోట్లో ఎక్కువగా బ్రిటిష్ పేర్లే ఉంటాయి, యూట్యూబ్‌లో నేర్చుకున్న వాళ్లకి అమెరికా పేర్లు. మీ ఆంటీ డబుల్ అంటే ఒకటి వేస్తూ మీరు డబుల్ అంటే ఇంకోటి వేస్తుంటే ఆవిడ పువ్వు పొట్టిగానే వస్తుంది మరి. నేను మా అత్తగారితో కలిసి బేబీ బ్లాంకెట్ మొదలెట్టి మూడు వారాలు ఇదే గొడవ, ఆవిడ నాకు రాదని, నేను ఆవిడ మర్చిపోయారని. ఇద్దరం కరెక్టే.

పేర్లు వదిలేసి "సూది మీద దారం ఎన్ని సార్లు చుట్టాలి" అని మాట్లాడుకోండి, కన్ఫ్యూజన్ ఉండదు.

కూకట్‌పల్లి_కుట్టు:

చెక్ చేశానండి. అమ్మమ్మ పువ్వు కింద నల్ల జాకెట్ గుడ్డ పెట్టి ఫోటో తీసి జూమ్ చేసి మధ్య నుంచి బయటకి లెక్కపెట్టి రాసుకున్నాం, పేర్లతో పనిలేకుండా బొమ్మ గీసుకున్నాం. మధ్యలో 6 చైన్ల (గొలుసు కుట్ల) రింగు, చివరి రౌండ్‌లో 5 చైన్ల లూపులు 12. అందరివీ లెక్క సరిపోయింది, సైజే తేడా. అయినా థాంక్స్, ఈ పేర్ల సంగతి నాకు తెలీదు, మా టోపీ ఎందుకు పొట్టిగా వచ్చిందో ఇప్పుడు అర్థమైంది.

గ్రాఫ్‌పేపర్:

మగాణ్ణే, నవ్వకండి. డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను, మా ఆవిడ పోయాక ఆవిడ దారాలు పారేయలేక నేర్చుకున్నాను.

మీరు చేస్తున్న తప్పు అందరికీ ఒకే సూది ఇవ్వడం. చెయ్యి బిగువు మనిషి దస్తూరీ లాంటిది, చెప్తే మారదు, మారినా పది నిమిషాలే. సూది మార్చండి. గట్టిగా అల్లేవాళ్లకి 1.5 ఎంఎం ఇవ్వండి, లూజుగా అల్లేవాళ్లకి 1.0. అందరి చేతా మూడేసి పువ్వులు చేయించండి. ఒకటి చాలదు, మొదటిది ఎప్పుడూ జాగ్రత్తగా అల్లుతారు, మూడోది అసలు సైజు. కొలిచే ముందు తడిపి, పరిచి, ఆరబెట్టి అప్పుడు కొలవండి. సూది నుంచి తీసిన వెంటనే కొలిస్తే ఆ లెక్క దేనికీ పనికిరాదు.

దారం కూడా ఒకటే అంటున్నారు, పాత దారంతో సరిపోల్చారా? నంబర్ పెరిగే కొద్దీ దారం సన్నం, 20 కంటే 40 సన్నం, 40 కంటే 60 సన్నం. పాతది ఏ నంబరో తెలియాలంటే విడి పువ్వు చివర వేలాడే దారం ముక్క ఉంటే పెన్సిల్‌కి పక్కపక్కనే చుట్టండి, అర అంగుళంలో ఎన్ని చుట్లు వచ్చాయో చూసి కొత్త దారంతో అలాగే చుట్టి చూడండి. చుట్లు సమానమైతే దారం సరిపోయినట్టు.

అత్తగారి విషయంలో, రోజుకో రకంగా వస్తున్నాయంటే ఆవిడ టీవీ చూస్తూ అల్లుతున్నారేమో కనుక్కోండి. సీరియల్ రోజు బిగుస్తుంది. నాకు క్రికెట్ రోజు బిగుస్తుంది.

కూకట్‌పల్లి_కుట్టు:

అంకుల్, సీరియల్ సంగతి అడిగితే ఎదురు ఫ్లాట్ అమ్మాయి నవ్వి నవ్వి చచ్చింది. నిజమేనట.

చెన్నైలో_తెలుగమ్మాయి:

మా పక్కింటావిడది నాగర్‌కోయిల్ వైపు. ఆవిడ చేసేది వేరే లేసు, సూదితో కాదు, దిండు మీద కాగితం పెట్టి దాని మీద గుండుసూదులు గుచ్చి చిన్న చిన్న కర్ర బాబిన్లకి దారం చుట్టి వాటిని అటూ ఇటూ మార్చి అల్లడం, చూస్తుంటే కళ్లు తిరుగుతాయి. అక్కడ ఆ పని 1821లో మార్తా మాల్ట్ అనే మిషనరీ ఆవిడ మొదలుపెట్టించిందట. మీ పోస్ట్ చదివి ఆవిడని అడిగా, మీకు ఈ సైజుల గొడవ రాదా అని. కాగితం మీద చుక్కలు ఎక్కడుంటే సూదులు అక్కడే, సూదులు ఎక్కడుంటే లేసు అక్కడే, ఇంక ఎవరు చేసినా సైజు ఎలా మారుతుంది అంది. మీది అలా కాదు కానీ ఆరబెట్టేటప్పుడు ఆ ఐడియా వాడుకోవచ్చేమో?

గ్రాఫ్‌పేపర్:

వాడుకోవచ్చు, అదే చెప్పబోతున్నా. థర్మోకోల్ షీటు మీద గ్రాఫ్ పేపర్ పెట్టి 3 అంగుళాల వృత్తం గీసి పైన పాలిథిన్ కవర్ బిగించండి. తడి పువ్వుని మధ్యలో పెట్టి 12 లూపులకీ 12 గుండుసూదులు, గడియారంలో అంకెల్లా, ముందు 12-6, తర్వాత 3-9, తర్వాత మిగతావి. తుప్పు పట్టని సూదులే వాడండి, లేకపోతే ఎర్రటి మరక శాశ్వతం. పల్చటి గంజి దూదితో అద్ది నీడలో ఆరనివ్వండి. దీనితో చిన్న తేడా సర్దుకుంటుంది. పావు అంగుళం తేడా మాత్రం దీనితో పోదు, లాగి పెడితే ఉతికిన మొదటిసారే మళ్లీ ముడుచుకుంటుంది. అందుకే సూది మార్చడం ముందు, ఇది తర్వాత.

ఓరుగల్లు_అల్లిక:

మేము గూడ ఇట్లనే షురూ చేసినం అక్కా, ఏడుగురం, ఇప్పుడు నలుగురం మిగిలినం. మిగిలిన ముగ్గురు ఎందుకు పోయిన్రంటే సైజుల పంచాయితే. ఒకామె చేసినయి విప్పుమన్నం, రెండు గంటల పని ఆమె ముందలనే విప్పినం, మళ్ల రాలే. అందుకే చెప్తున్న, ఎవ్వరి పువ్వు ఎవ్వరి ముందట విప్పకున్రి. చిన్నయి వస్తే పక్కకు పెట్టి కోస్టర్లు చేస్కోండి, టీ కప్పు కింద మస్తుగ ఉంటయి.

రంగు గురించి, కొత్త దారం పల్చటి టీ డికాషన్ల అయిదు నిమిషాలు ముంచితే అచ్చం పాతదాని లెక్క వస్తది. పాతదానికి మాత్రం బ్లీచ్ పెట్టకున్రి, పోగులు పేలిపోతయి.

డల్లాస్_దారం:

బ్లీచ్ వద్దన్నది కరెక్ట్. కానీ టీ కూడా వద్దండి ప్లీజ్. టీలో ఉండే టానిన్ నూలుని లోపల్నుంచి మెల్లగా తినేస్తుంది, ఇప్పుడు బానే ఉంటుంది, ఇరవై ఏళ్లకి పెళుసుబారుతుంది. అమ్మమ్మది ఇన్నేళ్లు ఆగింది కదా, మీది కూడా ఆగాలి. అసలు క్రీమ్ రంగు దారమే దొరుకుతుంది, ఆఫ్ వైట్, ఎక్రూ అని రకరకాల షేడ్లు ఉంటాయి, పాత పువ్వు ఒకటి షాపుకి పట్టుకెళ్లి పగటి వెలుతురులో చూసి కొనండి. మొత్తానికి సరిపోయేంత ఒకేసారి, ఒకే లాట్ నంబర్ చూసి తీసుకోండి, తర్వాత వెళ్తే అదే షేడ్ అని ఇచ్చినా తేడా వస్తుంది.

ఓరుగల్లు_అల్లిక:

గట్లనా. నేను మూడు టేబుల్ క్లాత్‌లు ముంచిన. ఇంకేం జేస్తం.

పాలకొల్లు_పిన్ని:

అమ్మాయ్, నాలుగు రోజుల నుంచి చదువుతున్నా రాద్దామా వద్దా అనుకుంటూ, మా మనవడు టైప్ చెయ్యడం నేర్పాడు కాబట్టి రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మాది పాలకొల్లండి, పుట్టింది మొగల్తూరు దగ్గర. మా అమ్మ, మా మేనత్తలు, మేము, అందరం లేసు చేశాం, హాబీకి కాదు, బియ్యానికి. మా ఊళ్లోకి ఏజెంటు సైకిల్ మీద దారం ఉండలు తెచ్చేవాడు, ఇన్ని ఉండలకి ఇన్ని పువ్వులు రావాలని లెక్క, తక్కువొస్తే డబ్బులు కోత. పువ్వులు చేసేదాన్ని చేతిపని అంటారు, వాటిని కలిపి అతికేదాన్ని అతుకుపని అంటారు, ఈ రెండూ ఒకే మనిషి చెయ్యదు, ఒకే ఇంట్లో కూడా చెయ్యరు. ఒక్క టేబుల్ క్లాత్‌కి పువ్వులు పది ఇళ్ల నుంచి వచ్చేవి, పది ఇళ్లంటే పది చేతులు, ఒక చెయ్యి బిగువు ఒక చెయ్యి వదులు, ఒకావిడ బాలింత, ఒకావిడకి చూపు తక్కువ, ఇంకోటి పదేళ్ల పిల్ల చేసినవి. మరి అవన్నీ అమెరికా జర్మనీ వెళ్లే గుడ్డలో ఎలా ఇమిడాయనుకున్నావు? మీ ఐదుగురికే వచ్చిన కొత్త కష్టం కాదమ్మా ఇది.

అతికేవాళ్ల దగ్గరుంది కిటుకంతా. నువ్వు అందరి చేతా పువ్వు పూర్తిగా చేయించేస్తున్నావు, అదీ తప్పు. చివరి వరస ఎవరి చేతా వేయించకు. అందరూ లోపలి వరసలు చేసి ఇచ్చేయాలి, ఆఖరి వరస ఒక్క చేతే వెయ్యాలి, అతుకుతూ వెయ్యాలి. పువ్వు సరిగ్గా ఉంటే లూపుకి 5 గొలుసులు (నువ్వు చైన్లు అంటున్నావే అవి), చిన్నగా ఉంటే 6, మరీ చిన్నదైతే 7, పెద్దదైతే 4. పక్క పువ్వుకి కలిపే చోట సగం గొలుసులు వేసి, పక్క పువ్వు లూపులోకి సూది దూర్చి ఒక కుట్టు లాగి, మిగతా సగం వేసి రావడం. ఒక్కో పక్కన రెండేసి లూపులు కలుస్తాయి, నాలుగు పక్కలా ఎనిమిది, మిగిలిన నాలుగూ మూలల్లో ఖాళీగా ఉంటాయి, నాలుగు పువ్వుల మధ్య ఆ ఖాళీలో చిన్న బిళ్ల ఒకటి వేస్తే ఇంక ఏ పువ్వు చిన్నదో ఏది పెద్దదో దేవుడికి కూడా తెలీదు. ఈ అతుకుపనికి మీ బ్యాంకు ఆంటీనే కూర్చోబెట్టు. చెయ్యి గట్టి అన్నావు కదా, అతుక్కి గట్టి చెయ్యే కావాలి, వదులు చెయ్యి అతికితే ఉతికాక సాగుతుంది. ఆవిడ మొహం కూడా విప్పారుతుంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. అమ్మమ్మ లేసు అమ్మమ్మ లేసు అంటున్నావు, ఆ 41 పువ్వులూ అమ్మమ్మే చేసిందని ఎవరు చెప్పారు? అందులో రెండు చేతులో మూడు చేతులో ఉండే ఉంటాయి. తిరగేసి చూడు, వెనక దారం చివర ఎలా దాచారో ఒక్కొక్కళ్లది ఒక్కో తీరు, సంతకం లాంటిది. పరిచి స్కేలు పెట్టి కొలువు.

హాబీ అన్న మాటకి కొంచెం కలుక్కుమంది, అందుకే నాలుగు రోజులు పట్టింది. మా పెద్దమ్మాయి చదువుకునేటప్పుడు ఒక పుస్తకం సంగతి చెప్పింది, జర్మనీ ఆవిడ, మరియా మీస్ అని, మా నర్సాపురం లేసు ఆడవాళ్ల మీదే రాసిందట, 1982లో వచ్చిందట. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు సూది పట్టుకున్నవాళ్లని కూడా ఇంట్లో తీరిగ్గా కూర్చున్నవాళ్లనే అనేవారని, కూలీ లెక్కలోకి రాలేదని రాసిందట. అది చదివి చెప్తుంటే మా అమ్మ విని, దీనికి అంత దూరం నుంచి రావాలా, నన్నడిగితే చెప్పేదాన్నిగా అంది. నువ్వు హాబీ అనడం తప్పని కాదు. టీ తాగుతూ నవ్వుకుంటూ అల్లుకునే రోజు వచ్చిందంటే మంచిదే. కాకపోతే రేపు మీ వాళ్లలో ఎవరైనా, బాగున్నాయి కదా ఆన్‌లైన్‌లో పెట్టేద్దాం అని పువ్వు పదికీ పదిహేనుకీ అమ్మకండి. మీకది ఆదివారం ఖర్చు, ఇక్కడ దాని మీదే బతికే వాళ్ల రేటు మీరే దించినట్టవుతుంది.

కూకట్‌పల్లి_కుట్టు:

పిన్ని గారూ, కోపం ఎందుకండీ. రెండు సార్లు చదివి అమ్మకి కూడా చదివి వినిపించాను. ఈ ఆదివారం కొలుస్తాం, చెప్తాను.

అమ్మాలని మాకు లేదు. కానీ పక్క బ్లాక్ వాళ్లు అడిగారు, నిజమే. మీరు చెప్పింది వాళ్లకీ చెప్తాను.

విజ్జు_95:

మధ్యలో వస్తున్నందుకు సారీ. పోయిన నెల ఒక ఎగ్జిబిషన్‌లో నర్సాపురం లేసు అని చెప్పి టేబుల్ మీద పరిచే రన్నర్ ఒకటి అంటగట్టారు, ఇంటికొచ్చి చూస్తే మెషిన్‌దేమో అని డౌట్. ఎలా తెలుస్తుంది?

గ్రాఫ్‌పేపర్:

క్రోషెని మెషిన్ చెయ్యలేదు. మెషిన్ చేసేది చూడ్డానికి అలా ఉండే వేరే అల్లిక. చివరి దారం ఎక్కడ ముగిసిందో వెతికి ఆ ముడి వదులు చేసి లాగండి, చేత్తో అల్లినదైతే ఒక్కో లూపు వరసగా ఊడి వస్తుంది, అంతా ఒకే దారం కదా. మెషిన్‌దైతే సన్నటి పోగులు బోలెడు అడ్డదిడ్డంగా వస్తాయి, లేదా అంచు దగ్గర కత్తిరించిన గుర్తు ఉంటుంది. మరీ ఎక్కువ లాగకండి, చేతిదని తేలాక బాధపడతారు. ఇంకో గుర్తు, భూతద్దంతో చూస్తే చేతి పనిలో ఏ రెండు పువ్వులూ అచ్చు గుద్దినట్టు ఉండవు.

పాలకొల్లు_పిన్ని:

2024లో మా లేసుకి జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది బాబూ, ఆ పేరు పెట్టి ఏది పడితే అది అమ్మడానికి లేదు ఇప్పుడు. ఈసారి నర్సాపురం వైపు వస్తే రుస్తుంబాదలో లేసు పార్కు ఉంది, అక్కడే కొనుక్కో. అంతర్వేది కూడా చూసుకుని వెళ్లొచ్చు, రేవు దాటితే అదే.

కూకట్‌పల్లి_కుట్టు:

అప్‌డేట్. మూడు వారాలైంది, సారీ, పిల్లకి జ్వరం, మధ్యలో ఒక ఆదివారం మిస్సయింది.

పిన్ని గారూ, మీరు చెప్పినట్టే ముందు పాత లేసు తిరగేసి పరిచి అందరం చుట్టూ కూర్చున్నాం. ఎదురు ఫ్లాట్ అమ్మాయి స్కేలు పట్టుకుంది, నేను రాసుకున్నా. 41 పువ్వుల్లో 26 వెనక దారం చివర మూడు కుట్ల కింద దూర్చి కత్తిరించి ఉంది, మిగతా 15 చిన్న ముడి వేసి ఉన్నాయి. అంటే రెండు చేతులు! ముడి వేసినవి విడిగా ఉన్నవాటిలో నాలుగు ఉన్నాయి, అవి కొలిస్తే కొంచెం చిన్నవి, 3 అంగుళాలకి ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) తక్కువ. అతికిన దాంట్లో మాత్రం అన్నీ 3 అంగుళాలే. ఎలాగా అని చైన్లు లెక్కపెడితే అతికిన వాటిలో ముడి ఉన్న పువ్వులన్నిటికీ లూపుకి 6 చైన్లు ఉన్నాయి, మిగతావాటికి 5. నేను మొదట్లో 5 అని ఒక్క పువ్వు చూసి రాసేసుకున్నా, వేరేది చూడనే లేదు. మేం రెండు నెలలుగా కొట్టుకుంటున్న దానికి జవాబు టేబుల్ మీదే పరిచి ఉంది.

అమ్మ చాలా సేపు ఆ ముడుల పువ్వులే పట్టుకుని చూసింది. తర్వాత చెప్పింది, అమ్మమ్మ వాళ్ల తోడికోడలు ఒకావిడ ఉండేదట, రెండు వాకిళ్లకి మధ్య ఒకటే అరుగట, మధ్యాహ్నం వంటలయ్యాక ఇద్దరూ అక్కడే కూర్చునేవాళ్లట. ఆవిడ తర్వాత పిల్లల దగ్గరికి వైజాగ్ వెళ్లిపోయింది. ఈ లేసు ఆగింది అందుకేనా అంటే అమ్మ నాకేం తెలుసే అంది, కానీ ఆ రోజు రాత్రి వైజాగ్ ఫోన్ చేసి ఆ పెద్దమ్మ వాళ్ల అబ్బాయితో అరగంట మాట్లాడింది, పదేళ్లకి పైనే అయింది వాళ్లతో మాట్లాడి.

పని సంగతికొస్తే, అతుకుపని ఆంటీకి ఇచ్చేశాం. అడిగిన వెంటనే ఒప్పుకోలేదు, "నా పువ్వులు చిన్నవన్నారుగా" అన్నారు. మీ పోస్ట్ చూపించా పిన్ని గారూ, గట్టి చెయ్యే కావాలన్న లైను రెండు సార్లు చదువుకున్నారు. ఇప్పుడు ఆవిడే అందరికీ మేనేజరు, ఎవరైనా చివరి వరస పొరపాటున వేసుకొస్తే కళ్లద్దాల పైనుంచి చూస్తారు. ఎదురు ఫ్లాట్ అమ్మాయికి 1.0 సూది ఇచ్చాం, గ్రాఫ్‌పేపర్ అంకుల్ చెప్పినట్టు మూడో పువ్వు కొలిస్తే కరెక్ట్‌గా వచ్చింది. అత్తగారికి సీరియల్ టైమ్‌లో దారం ఇవ్వట్లేదు. దారం క్రీమ్ షేడ్‌ది కొన్నాం, పూర్తిగా కలవలేదు కానీ దూరం నుంచి తెలీదు, దగ్గర్నుంచి తెలిసినా పర్లేదు అనుకున్నాం. ఐదో వరస పూర్తయింది, ఆరోది నడుస్తోంది.

ఒక్క డౌట్ మిగిలింది. మూడో వరసలో ముడి చేతిది ఒక పువ్వు ఉంది, దానికి 12 లూపులు కాదు, 11 ఉన్నాయి. అతికేటప్పుడు ఒక మూల లూపు లేకుండానే కలిపేశారు, ఆ మూల బిళ్ల కొంచెం వంకరగా ఉంది. ఆంటీ అది విప్పి సరిచేద్దాం, చిటికెలో పని అంటున్నారు. విప్పమంటారా?

ఓరుగల్లు_అల్లిక:

నేను ముందుగాల్నే చెప్పిన గదా అక్కా, ఎవ్వరి పువ్వు విప్పకున్రి అని.

పాలకొల్లు_పిన్ని:

ముట్టుకున్నావంటే కూకట్‌పల్లి వచ్చి మరీ తిడతా. మీ అమ్మమ్మ అతికేటప్పుడు చూడలేదనుకున్నావా ఏంటి, 11 అని తెలిసే కలిపింది. ఇంతకీ ఆరో వరస ఫోటో ఏది?